రెండు మార్కుల గొలుసు

స్టెన్‌విగ్ ఊళ్ళో ఎవరూ దేన్నీ బాగుందని అనరు. పెళ్ళి విందు తిని లేచినవాళ్ళు "తినొచ్చు" అంటారు. పడవ మునిగేంత చేప తెచ్చినవాడు "ఉత్త చేతులతో రాలేదులే" అంటాడు. లౌస్ట్ అనే ముసలి జాలరి తన యాభై రెండేళ్ళ కాపురం గురించి ఒక్కసారే నోరు విప్పాడు. అదీ భార్యను పూడ్చిపెట్టిన రోజు, కాఫీ తాగుతూ, "సరిపోయింది" అన్నాడు. ఆ మాటకి బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు వెతుక్కున్నారు. బయటివాళ్ళు దీన్ని అణకువ అనుకుంటారు. అణకువా పాడా, ఉత్త భయం. తన పని బాగుందని ఒకడు పొరపాటున అన్నాడా, ఆ మాటని పాతికేళ్ళు వాడి వెంట తిప్పి, చివరికి వాడి పిల్లలకి కూడా అంటించి వదులుతారు. సముద్రపు గాలి ఏడాది పొడుగునా మొహాన కొట్టే ఊరు కదా, నోరు తెరిస్తే లోపలికి పోయేది ఇసుకే అని చిన్నప్పుడే నేర్చుకుంటారు.

మారెన్ టాఫ్ట్‌గోర్ అక్కడే పుట్టి, అక్కడే డెబ్బై ఒక్క ఏళ్ళు గడిపింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేపల ఫ్యాక్టరీలో మంచునీళ్ళలో చేతులు పెట్టి ముళ్ళు తీసింది. భర్త ఐనార్ పోయి పదహారేళ్ళయింది. పిల్లలు లేరు. వేళ్ళ కణుపులు ఉబ్బి సూదిలో దారం ఎక్కించలేదు గాని, ఎంత బిగిసిన గొళ్ళెమైనా ఊడదీస్తుంది. ఆమె ఇంట్లో ఎన్నడూ నిండుకోని సరుకు ఒకటుంది, చిన్నచూపు. మంత్రులన్నా, రేపు వాన పడుతుందని టీవీలో చెప్పేవాళ్ళన్నా, కొట్లో కొన్న కేకులన్నా, గొడుగు వేసుకు తిరిగే మగాళ్ళన్నా ఆమెకి లెక్కే లేదు. అందరికంటే ఎక్కువ చిన్నచూపు, బల్ల ఓ చేయి వేసి ఎత్తమంటే బల్ల ఎలా ఎత్తాలో చెప్పడం మొదలుపెట్టేవాళ్ళంటే.

పధ్నాలుగేళ్ళ కిందట ఆమె వీధిలోనే పేట్రా అనే ముసలావిడ స్నానాల గదిలో జారిపడింది. మూడు రోజులు అక్కడే పడి ఉండి ప్రాణం వదిలింది. మూడు రోజులూ ఆమె వంటింట్లో దీపం వెలుగుతూనే ఉంది. ఊరంతా ఆ కిటికీ ముందు నుంచే రొట్టెల కొట్టుకి పోయి వచ్చింది, మారెన్ కూడా. అంత్యక్రియలయ్యాక ఊరి హాల్లో కాఫీ ఇస్తుంటే పాస్టరు పేట్రా మంచితనం గురించి మాట్లాడాడు. మారెన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇంటికి పోయి, గోడ క్యాలెండరులో ఒక నెల చింపి, దాని వెనక ఒంటరిగా ఉండే ఇరవై మంది పేర్లూ ఫోను నంబర్లూ వరసగా రాసింది. మొదటి పేరు తనది, చివరిది లౌస్ట్‌ది.

పొద్దున ఎనిమిది కొట్టగానే మారెన్ తన కింద పేరున్న గుద్రున్‌కి ఫోను చేస్తుంది. గుద్రున్ తన కింద పేరున్న మనిషికి చేస్తుంది. అలా ఇరవై ఇళ్ళు తిరిగి, ఎనిమిదీ నలభైకి లౌస్ట్ మారెన్‌కి చేస్తాడు. "ఇంకా పోలేదు" అని పెట్టేస్తాడు. పధ్నాలుగేళ్ళుగా ఆ ఇద్దరి సంభాషణ అంతే. ఎనిమిదీ నలభైకి ఫోను మోగలేదంటే గొలుసు ఎక్కడో తెగినట్టు. ఎక్కడ తెగిందో కనుక్కుని, మారెన్ వంటింటి అలమార తెరిచి ఆ ఇంటి తాళంచెవి తీసుకుని సైకిలెక్కుతుంది. అలమార తలుపు లోపలివైపు పందొమ్మిది మేకులు, పందొమ్మిది తాళంచెవులు, ఒక్కో మేకు కింద పెన్సిలుతో ఒక్కో పేరు. ఆ తాళంచెవుల వల్ల ఆరుగురు బతికారు. ఎవరైనా ఆ మాట ఎత్తబోతే, చేతిలో తాళంచెవి ఉంటే తలుపు ఎవరైనా తీస్తారని ఆమె కసురుకునేది.

ఈ గొలుసుకి గది అక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు, అధ్యక్షుడు అసలే అక్కర్లేదు. కాని టాగె అనే రిటైరైన పోస్టుమాస్టరుకి ఉబుసుపోక, దాన్ని సంఘంగా రిజిస్టరు చేయించి, తానే అధ్యక్షుడై, రబ్బరు ముద్ర కూడా చేయించాడు. ముద్ర కొట్టడానికి కాగితాలు లేక క్రిస్‌మస్ కార్డుల మీద కొట్టాడు. రిజిస్టరైన పాపానికి మునిసిపాలిటీ వాళ్ళకి ఇలాంటి సంఘం ఒకటుందని తెలిసింది. ఒక సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. స్వచ్ఛంద సంఘాలన్నిటి సామర్థ్యాన్నీ కొలుస్తారట. తక్కువున్న చోట బలపరుస్తారట.

కొలవడానికి కోపెన్‌హాగన్ నుంచి ఆస్గర్ అనే అతను వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఉంటాయి. చీలమండలు కనపడేలా ప్యాంటు మడిచాడు, ఆ గాలిలో. జన్మలో ఒక్క సంఘం నడపలేదు గాని నూట నలభై సంఘాలని కొలిచానని మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పాడు. ఊరి హాల్లో గుద్రున్ వెన్న రాసిన బన్ను ఇస్తే "అద్భుతం" అన్నాడు. ఆ మాట విని గుద్రున్ బన్నుని తిప్పి కిందవైపు చూసుకుంది, మాడిందేమోనని. తర్వాత హాలు అద్భుతమన్నాడు, కిటికీలోంచి కనపడే బూడిదరంగు సముద్రం అద్భుతమన్నాడు. మారెన్ మనసులో అతని సంగతి అప్పుడే తేల్చేసింది. ఇంత చవగ్గా మెచ్చుకునేవాడికి మంచీ చెడ్డా తేడా తెలియదని ఆమె నమ్మకం.

అతను అందరికీ తలా ఒక కాగితం ఇచ్చాడు. నలభై రెండు ప్రశ్నలు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కులు వేసుకోవాలి. ఒకటంటే పని మొదలే కాలేదు, ఐదంటే ఇంకొకరికి నేర్పగలరు. పేర్లు రాయక్కర్లేదు, ఎవరికి వారే వేసుకోవాలి. స్టెన్‌విగ్ మనిషి చేతికి కాగితం ఇచ్చి నీకు నువ్వే మార్కులు వేసుకో అనడం ఎలాంటిదో ఆ పెద్దమనిషికి ఎవరూ చెప్పలేదు. నూట నలభై సంఘాలు కొలిచాడు గదా, అతనికే తెలియాలి.

గంటసేపు హాల్లో పెన్సిళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. పదిహేడో ప్రశ్న దగ్గర మారెన్ ఆగింది. ఆపదలో ఉన్న సభ్యుని దగ్గరికి మీరు ఎంత త్వరగా, ఎంత కచ్చితంగా చేరుతున్నారు? ఆమె నిజాయతీగా ఆలోచించింది. ఆరేళ్ళ కిందట ఒకసారి సైకిలు టైరు పంక్చరై, నడుచుకుంటూ పోయేసరికి పాతిక నిమిషాలు పట్టింది. ఆ మనిషి బతికాడు. అయినా పాతిక నిమిషాలు పాతిక నిమిషాలే. రెండు వేసింది. అది కూడా ఎక్కువేమో అనిపించి, పక్కనున్న గుద్రున్ కాగితంలోకి ఓరగా చూసింది. అక్కడా రెండే ఉంది. మనసు కుదుటపడింది.

అన్నీ కలిపితే సగటు ఒకటీ పాయింటు తొమ్మిది వచ్చింది. ఆస్గర్ దాన్ని తెర మీద సాలెగూడులాంటి బొమ్మగా చూపించాడు. గూడు మధ్యలో చిన్న ముద్ద, అదీ వీళ్ళ సంఘం. పక్కన పోలిక కోసం హోల్మ్‌డల్ పట్నంలోని నడక మిత్రుల సంఘం బొమ్మ పెట్టాడు. అది తెరంతా పరుచుకుంది. నాలుగూ పాయింటు ఆరు. నడక మిత్రులు ఈస్టరు నుంచీ ఒక్కరోజూ నడవలేదని ఆ హాల్లో అందరికీ తెలుసు. వాళ్ళ కార్యదర్శికి మోకాలి నొప్పి. ఆ మాట ఎవరూ అనలేదు. పక్కవాడి మీద చాడీ చెప్పినా తనని తాను పొగుడుకున్నట్టే గదా.

ఆస్గర్ మొహం పరామర్శకి వచ్చినవాడిలా పెట్టాడు. తమ బలహీనతని ఇంత ధైర్యంగా ఒప్పుకున్న సంఘాన్ని తాను చూడలేదని, ఇదే మొదటి మెట్టని అన్నాడు. అందరూ కాఫీ కప్పుల్లోకి చూశారు. మారెన్‌కి ఆ క్షణంలో ఒకే ఒక్క వాక్యం చాలు. "మేమీ పని బాగానే చేస్తున్నాం, అబ్బాయ్." ఆ వాక్యం ఆ హాలు కట్టిన తొంభై ఏళ్ళలో ఎవరూ అనలేదు. ఆమె కూడా అనలేదు. ఇలాంటివాడికి చెప్పి నోరు పాడుచేసుకోవడం ఎందుకని తనకి తాను సర్దిచెప్పుకుంది.

రెండున్నర కంటే తక్కువ వచ్చిన సంఘం ఇతరుల ఇళ్ళ తాళంచెవులు ఉంచుకోకూడదని మునిసిపాలిటీ కొత్త నియమం. అక్టోబరులో ఒకామె జిప్పున్న సంచీతో వచ్చింది. బలపడేదాకా, అంటే ఆర్నెల్లు, తాళంచెవులు హోల్మ్‌డల్‌లో ఇనప్పెట్టెలో ఉంటాయి. స్టెన్‌విగ్‌కి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. అవసరమైతే ఫోను చేస్తే మనిషి తీసుకొస్తాడు. టాగెకి చేసే పని దొరికింది గదా, నాలుగు చోట్ల ముద్ర కొట్టాడు. మారెన్ పందొమ్మిది తాళంచెవులూ మేకుల మీంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. లౌస్ట్‌ది తీస్తున్నప్పుడు మేకు కూడా ఊడొచ్చింది. దాన్ని మళ్ళీ గోడకి కొట్టినట్టు అలమార తలుపుకి కొట్టింది, అవసరానికి మించిన చప్పుడుతో.

ఆ తర్వాత బలపరచడం మొదలైంది. పక్షానికో మధ్యాహ్నం ఆస్గర్ రంగు కాగితాలు, స్కెచ్ పెన్నులు తెచ్చేవాడు. సంఘం ఎందుకుందో ఒక్క వాక్యంలో రాయడానికి మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఎవరైనా పడిపోతే లేపడానికి అని మారెన్ మొదటి రోజే అంది. అది చాలా కిందిస్థాయిలో ఉందన్నాడు ఆస్గర్. మూడో రోజుకి ఆ వాక్యంలో గౌరవం, భాగస్వామ్యం, తీరప్రాంతం అన్నీ చేరాయి, పడిపోవడం పోయింది. నేర్పడానికి నడక మిత్రుల నుంచి ఇద్దరు వచ్చేవాళ్ళు, కారెక్కి. ఒక రోజు ప్రమాదాల పట్టిక వేశారు. అందులో మొదటి ప్రమాదం మారెన్. పని అంతా ఒక్క మనిషి మీద నడుస్తోంది, ఆ మనిషి చనిపోతే? ఎంత అవకాశం ఉందో కూడా రాయాలి. ఆస్గర్ మొహమాటపడి "మధ్యస్థం" అని రాశాడు.

"డెబ్బై ఒకటి గదా, 'ఎక్కువ' అని రాయవేం?" అంది గుద్రున్.

"దాన్ని చంపడం అంత తేలిక్కాదులే. మధ్యస్థమే ఉండనీ" అన్నాడు లౌస్ట్, కిటికీ పక్కన కూర్చుని. ఆ ఏడాది మొత్తమ్మీద అతను మీటింగులో మాట్లాడింది అదొక్కటే.

ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున ఎనిమిదీ నలభై అయింది. ఫోను మోగలేదు. నలభై ఐదు దాకా చూసి, మారెన్ కింద నుంచి పైకి ఫోన్లు చేసింది. లౌస్ట్‌కి మూడుసార్లు చేశాను, ఎత్తలేదు, మీరు కనుక్కుంటారనుకున్నాను అని అతని ముందు పేరున్నామె చెప్పింది. మారెన్ చేయి అలవాటుగా అలమార తెరిచింది. ఉత్త మేకు.

మునిసిపాలిటీ ఆఫీసుకి శనివారం సెలవు. అత్యవసరం నంబరులో ఒకతను దొరికాడు. సంఘం రిజిస్ట్రేషను నంబరు అడిగాడు. అది టాగె దగ్గర ఉంటుందంటే, పర్లేదు అని వెతికాడు. తాళంచెవి తీసుకుని మనిషి బయల్దేరతాడని, రోడ్డు మీద మంచు గడ్డకట్టింది గనక కాస్త ఆలస్యమవుతుందని, ఈలోగా ఎవరూ లోపలికి పోవద్దని, పోతే బాధ్యత సంఘానిదేనని ఒక్క గుక్కలో చెప్పాడు. బలపడుతున్న సంఘం గనక ఈ నియమాలు మరీ ముఖ్యమన్నాడు.

తొమ్మిదింటికి ఆమె లౌస్ట్ గుమ్మం ముందుంది. తలుపు తట్టింది. పిలిచింది. పెరట్లోకి పోయి చూసింది. పడక గది కిటికీకి తెర వేసుంది. ఆమె పక్కనే మంచు తవ్వే పార గోడకి ఆనించి ఉంది. దాన్ని చూసింది, చూసి మళ్ళీ తలుపు తట్టింది. ముసలాడు మొద్దునిద్ర పోతున్నాడేమో. ఎవరి కారైనా ఎక్కి చేపల రేవుకి పోయాడేమో. అద్దం పగలగొట్టాక అతను వీధి చివర నుంచి నడుచుకుంటూ వస్తే ఏం చెబుతుంది? మారెన్‌కి మతిపోయిందని ఊరంతా వేసవిదాకా చెప్పుకోదూ. తాళంచెవి ఎలాగూ వస్తోంది. తట్టింది, నిలబడింది, మళ్ళీ తట్టింది. గంట దాటినా కారు జాడ లేదు. పదీ ఐదుకి పార తీసుకుని కిటికీ అద్దం పగలగొట్టింది.

లౌస్ట్ మంచానికీ గోడకీ మధ్య నేల మీద ఉన్నాడు. ఒక కాలు ఉండకూడని వైపుకి తిరిగి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అద్దం పగలగొట్టావా?" అన్నాడు, గాలిలాంటి గొంతుతో.

"ఆఁ."

"మొన్న శరత్కాలంలో వేయించాను."

ఆమె మంచం మీది దుప్పటి లాగి అతనికి కప్పి, తన కోటు కూడా పైన వేసి అంబులెన్సుకి ఫోను చేసింది. తెల్లవారకముందే పడ్డాడట. అంబులెన్సులో అతని చేయి పట్టుకుని కూర్చుంది, ఆ ఊళ్ళో భార్యాభర్తలు కూడా పదిమందిలో చేయని పని. తలుపు తట్టడం వినపడిందా అని అడిగింది.

"వినపడింది."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. అరవడానికి గొంతు రాలేదు" అని కళ్ళు మూసుకున్నాడు.

ఆసుపత్రిలో నడివయసు నర్సు ఒకామె కాగితం, పెన్నూ పట్టుకుని వచ్చింది. నొప్పి ఎంతుందో ఒకటి నుంచి పది లోపు చెప్పమంది. లౌస్ట్ కాసేపు ఆలోచించి, రెండు అన్నాడు. నర్సు తల ఎత్తకుండానే ఎనిమిది అని రాసింది. సూదిమందు తెమ్మని పక్కామెకి చెప్పింది.

మారెన్ ఆమె వెనకాలే నడవాలోకి పోయింది. "ఆయన రెండన్నాడు. నువ్వు ఎనిమిది రాశావు" అంది.

"ఆయనది స్టెన్‌విగ్ కదా. మా నాన్నదీ అదే ఊరు. కాలు నుజ్జయినప్పుడు ఆయన ఒకటన్నాడు. మీ ఊరివాళ్ళు ఏం చెప్పినా ఆరు కలుపుకోవాలమ్మా. ఈ వార్డులో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే చెప్పేస్తాం" అంది నర్సు. మాట పూర్తి కాకముందే పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

బస్సులో ఇంటికి వస్తూ మారెన్ ముందు ఆస్గర్‌ని తిట్టుకుంది. ఒక నర్సుకి తెలిసిన విషయం నూట నలభై సంఘాలు కొలిచిన వెధవకి తెలియలేదు. తర్వాత మునిసిపాలిటీని తిట్టింది, టాగెని తిట్టింది, రబ్బరు ముద్రని తిట్టింది, కారెక్కి వచ్చే నడక మిత్రుల్ని తిట్టింది. బస్సు సగం దూరం వచ్చేసరికి తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. పదిహేడో ప్రశ్న గుర్తొచ్చింది. ఆ రెండు వేసింది ఆస్గర్ కాదు. పంక్చరైన టైరుని ఆరేళ్ళు మనసులో దాచుకుని, దాన్ని నిజాయతీ అనుకుని, తన చేత్తో తానే వేసింది. అబద్ధం ఆడింది. పొగుడుకుంటే అబద్ధమని చిన్నప్పట్నుంచీ విన్నది గాని, తక్కువ చేసుకున్నా అబద్ధమేనని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ గంటసేపు పార పక్కన నిలబడింది కూడా ఆ అబద్ధమే. నలుగురూ ఏమంటారోనని ఒక మనిషిని చలిలో నేల మీద పడుకోబెట్టింది. తన మీద తనకి ఇంత రోత ఆమె ఎన్నడూ ఎరగదు. రొట్టెల కొట్టు మలుపులో దిగాల్సింది, రెండు స్టాపులు దాటిపోయి వెనక్కి నడిచింది.

మార్చిలో రెండో కొలత. ఈసారి అందరూ కలిసి ఒకే కాగితం నింపాలని ఆస్గర్ చెప్పాడు. పెన్ను బల్ల మధ్యలో ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. టాగె గొంతు సవరించుకుని, ఈ ఆర్నెల్లలో చాలా నేర్చుకున్నాం గనక రెండు బదులు రెండున్నర వేసుకోవచ్చేమో అన్నాడు. అది కూడా ఎక్కువేమోనని గుద్రున్ గొణిగింది.

మారెన్ పెన్ను తీసుకుంది. పదిహేడో ప్రశ్న ఎదురుగా ఐదు వేసింది. అంకె మీద పెన్ను ఇంకోసారి దిద్దింది.

"మారెన్, మరీను" అన్నాడు టాగె.

"పధ్నాలుగేళ్ళు. ఆరుగురు. సైకిలు మీద తొమ్మిది నిమిషాలు" అంది మారెన్. ఆమె మొహం ఎర్రబడింది. "మన దగ్గర తాళంచెవి ఉన్నన్నాళ్ళూ ఈ పని మనకంటే బాగా చేసినవాడు ఈ జిల్లాలో లేడు. మనం రెండు వేసుకున్నాం, వాళ్ళు తాళంచెవి పట్టుకుపోయారు, లౌస్ట్ నేల మీద పడున్నాడు. నువ్వు రెండున్నర అంటున్నావు. లౌస్ట్ తలుపు గంటసేపు తట్టింది నేను. నువ్వు కాదు."

ఆమె మిగిలిన నలభై ఒకటీ ఒక్కొక్కటిగా నింపింది. కొన్నిటికి నాలుగు, చాలావాటికి ఐదు. ముద్ర కొట్టడానికి టాగె చేతులు రాలేదు. ఆమే ముద్ర లాక్కుని కొట్టింది.

నాలుగూ పాయింటు నాలుగు. ఆస్గర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒకటీ పాయింటు తొమ్మిది నుంచి ఆర్నెల్లలో నాలుగూ పాయింటు నాలుగు, తాను బలపరిచిన నూట నలభై ఒక్క సంఘాల్లో ఇంత ఎదుగుదల లేదన్నాడు. సాలెగూడు బొమ్మ ముందు అందరినీ నిలబెట్టి ఫోటో తీశాడు. ఆ ఫోటో పెట్టుకుని ఎక్కడెక్కడో మాట్లాడుతున్నాడని తర్వాత తెలిసింది. నిజం చెబుదామా అని మారెన్ ఒక్క క్షణం అనుకుంది. అతని చీలమండలు చూసి ఊరుకుంది. తాళంచెవులు వస్తే చాలు.

తాళంచెవులు వచ్చాయి. దాంతోపాటు పేరు కూడా వచ్చింది. వారం తిరక్కుండా ఊళ్ళో ఆమెని 'ఐదు' అనడం మొదలుపెట్టారు. రొట్టెల కొట్టులో ఐదు గారికి రై రొట్టె ఇవ్వమనేవాళ్ళు. వాకిట్లో మంచు ఊడుస్తుంటే, ఊడ్చింది ఐదు మార్కులకి సరిపోయిందా అని దారినపోయేవాళ్ళు అడిగేవాళ్ళు. గుద్రున్ పొద్దున ఎనిమిదింటి ఫోనులో మునుపటికంటే ఒక మాట తక్కువ మాట్లాడేది. మారెన్ తన రొట్టె తీసుకుని, తన వాకిలి ఊడ్చుకుని పోయేది. రాత్రి మంచం ఎక్కాక మాత్రం ఒళ్ళంతా సిగ్గుతో వేడెక్కేది, దొంగతనం చేసినట్టు. తాను రాసింది నిజమని తెలుసు. తెలిసినా సిగ్గు తగ్గేది కాదు. ఆ ఊరు మనిషిని అలా తయారుచేస్తుంది.

ఏప్రిల్లో లౌస్ట్ నాలుగు కాళ్ళ కర్రతో ఇంటికి తిరిగొచ్చాడు. పొద్దున ఎనిమిదీ నలభైకి ఫోను మోగింది. "ఇంకా పోలేదు" అని, పెట్టేయకుండా ఒక్క క్షణం ఆగాడు. "కాఫీ పెట్టాను" అన్నాడు.

ఆమె వెళ్ళింది. కిటికీకి కొత్త అద్దం వేశారు, అంచున పుట్టీ ఇంకా తెల్లగా ఉంది. ఇద్దరూ కాఫీ తాగారు. ఊరేసిన చేప, రై రొట్టె తిన్నారు.

"ఐదిచ్చావట. టాగె చెప్పాడు" అన్నాడు చివరికి.

"ఇచ్చాను."

"గంటసేపు బయట నిలబడ్డావు."

"నిలబడ్డాను."

లౌస్ట్ కొత్త అద్దంలోంచి బయటికి చూశాడు. కప్పు తిప్పుతూ, ధర చెప్పేముందు చేపని తూచేవాడిలా, ఆలోచించాడు.

"నేనైతే మూడిచ్చేవాణ్ణి" అన్నాడు.

ఎనభై ఆరేళ్ళలో ఆ మనిషి నోట మూడు ఎవరికీ రాలేదు. అతని భార్యకి కూడా రాలేదు. మారెన్ లేచి కప్పులు తీసుకుని, అతనికి వీపు పెట్టి, కుళాయి దగ్గరికి పోయింది. ఉన్నవి రెండే కప్పులు. వాటిని చాలాసేపు కడిగింది.